గేటు బయట రెండేళ్లు

రాజమండ్రి కుర్రవాడు ఫిలిప్పీన్స్‌లో రెండేళ్లు మిషనరీగా ఉండి వచ్చాడని తెలిస్తే మనవాళ్లు మొదట అడిగేది జీతం ఎంత ఇచ్చారని. జీతం లేదు, మోర్మన్లుగా తెలిసిన మా సంఘంలో ఎదురు మనమే కట్టాలి. అమెరికా కుర్రవాళ్లు నెలకు 500 డాలర్లు కడతారు. 2020 జూలైకి ముందు అది 400 ఉండేది. ఖరీదైన దేశానికి వెళ్లినా, చవక దేశానికి వెళ్లినా మొత్తం అదే. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఇంటి స్థోమతకు తగినంత ఇస్తారు, తక్కువ పడింది సంఘం నిధి నుంచి వస్తుంది. మా నాన్నది తాడితోట దగ్గర చిన్న కుట్టు దుకాణం. ఇంటర్ అయ్యాక నేను ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాసి నా వంతు కూడబెట్టాను. నాతో చదివినవాళ్లందరూ అప్పటికి ఇంజినీరింగులో చేరిపోయారు. మా బంధువుల దృష్టిలో నేను చదువు మానేసి, డబ్బు ఖర్చుపెట్టి, ఊరుకాని ఊళ్లో తలుపులు తట్టడానికి వెళ్తున్న పిచ్చివాణ్ని. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు.

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లకు మోర్మన్లంటేనే తెలుస్తుంది. ఆ పేరు వదిలి పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి మా సంఘాధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ చెప్పారు. మాట సరైనదే గానీ, ఎండలో ఒకరి వాకిట్లో నిలబడి అంత పొడుగు పేరు చెప్పి చూడండి, మీరు సగంలో ఉండగానే వినేవాళ్లకు లోపల పని గుర్తొస్తుంది. తెలుగువాళ్లలో ఈ సంఘం కథ 1978లో హైదరాబాదులో మొదలైంది. సమోవాలో ఉంటూ అక్కడ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు వచ్చి తమ బంధువులకు బోధించారు. దేశంలో మొదటి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. రాజమండ్రిలో మాది చిన్న శాఖ. అమ్మానాన్నలు నా చిన్నప్పుడు చేరారు. అమ్మమ్మ మాత్రం నికార్సయిన లూథరన్. టీ, కాఫీ ముట్టని క్రైస్తవం ఎక్కడిదని ఆమెకు మామీద జాలి, కోపం రెండూ ఉండేవి. ఫిలిప్పీన్స్ అనగానే ఒకే ఒక్క మాట అంది: 'అక్కడంతా క్రైస్తవులేగా, వాళ్లకు నువ్వు వెళ్లి క్రీస్తును చెబుతావా?' ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. అక్కడికి వెళ్లాక అదే ప్రశ్న చాలామంది కతోలికులు అడిగారు, ఆమెకన్నా మర్యాదగా.

నేను వెళ్లేనాటికి మిషన్‌కు వెళ్లే వయసు అబ్బాయిలకు 18, అమ్మాయిలకు 19. 2012 అక్టోబరు దాకా అవి 19, 21 ఉండేవి. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు ఉంటారు. ముందు శాఖాధ్యక్షుడు, ఆపైన పైస్థాయి అధ్యక్షుడు కూర్చోబెట్టి మాట్లాడతారు. నమ్మకం, నడవడి, అలవాట్లు అన్నీ అడుగుతారు. తర్వాత వైద్య పరీక్షలు, టీకాలు, దంతవైద్యుడి సంతకం. ఏ దేశం వెళ్లాలో కోరుకునే వీలు లేదు. సంఘం కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీలో, సంఘాన్ని నడిపే పన్నెండుమంది అపొస్తలుల్లో ఒకరు ఒక్కొక్కరి వివరాలు చూసి మిషన్ నిర్ణయిస్తారు. ఒకప్పుడు ఆ పిలుపు పెద్ద తెల్ల కవరులో పోస్టులో వచ్చేదట. నాకు కంప్యూటర్లో వచ్చింది. ఇల్లంతా జనం చుట్టూ చేరగా పైకి చదివాను: ఫిలిప్పీన్స్ దావావ్ మిషన్, సెబువానో భాష. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, పక్కింటి ఆంటీకి తప్ప. 'దావావా? మా ఆడపడుచు కొడుకు అక్కడే మెడిసిన్ చదువుతున్నాడు. మనవాళ్లు బోలెడుమంది ఉన్నారు' అంది. అమ్మకు ఆ ఒక్క మాటతో సగం దిగులు తీరింది. దేవుడి పిలుపుకన్నా ఆడపడుచు కొడుకు ఉండటమే ఎక్కువ ధైర్యమిచ్చిందని నాన్న నవ్వాడు.

శిక్షణ మొదట కొన్నాళ్లు ఇంటి నుంచే వీడియోలో సాగింది. పైన తెల్ల చొక్కా, టై, కింద లుంగీ. తర్వాత మనీలా పక్కనే క్వెజోన్ సిటీలో ఉన్న శిక్షణ కేంద్రం. ఎదురుగా 1984లో ప్రతిష్ఠించిన మనీలా దేవాలయం. ఆసియాలోని రకరకాల దేశాల పిల్లలు ఆ కేంద్రానికి వస్తారు. అక్కడ పొద్దున్నుంచి రాత్రి దాకా భాష, పాఠం, మళ్లీ భాష. ఉపాధ్యాయులే ఇల్లాలిగానో, తాగుబోతు భర్తగానో నటిస్తారు, మేము తలుపు తట్టి వచ్చీరాని సెబువానోలో మాట్లాడాలి. వచ్చిన మొదటి వారంలోనే ఆ భాషలో పైకి ప్రార్థన చేయించారు. ధన్యవాదాలు చెప్పడానికి మాటలు త్వరగానే దొరికాయి. ఏదైనా అడగాలంటే వ్యాకరణం కావాలి, కాబట్టి కొన్నాళ్లు నా ప్రార్థనలన్నీ కృతజ్ఞతలతోనే ముగిసేవి.

నల్ల బ్యాడ్జీ అక్కడే పెట్టారు. దాని మీద ఎల్డర్ అని, పక్కన ఇంటిపేరు. మిషన్‌లో ఉన్నన్నాళ్లూ ఒకరినొకరు సొంత పేరుతో పిలుచుకోరు. మనకు ఇంటిపేరు అంటే శుభలేఖ మీదా, రేషన్ కార్డు మీదా ఉండేది. ఆ పేరుతో నన్నెవరూ కేకేసి పిలిచింది లేదు. పంతొమ్మిదేళ్ల వయసులో 'పెద్ద' అనే బిరుదుతోపాటు ఇంటిపేరుతో పిలిపించుకుంటుంటే మొదట్లో మా తాతను ఎవరో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగి చూసేవాణ్ని.

రోజు తీరు ఇది. పొద్దున 6:30కి లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, వంట. తర్వాత ఒంటరిగా లేఖనాలు చదవడం, ఆపైన ఇద్దరూ కలిసి చదవడం, భాష కోసం మరో గంట. పది దాటాక బయటపడితే రాత్రి 9 గంటలకు ఇల్లు చేరాలి. ఎవరింట్లోనైనా పాఠం చెబుతూ ఉంటే ఇంకో అరగంట వెసులుబాటు. 10:30కి దీపాలు ఆర్పాలి. టీవీ లేదు, సినిమా లేదు, ప్రేమ వ్యవహారాలు లేవు, ఈత కూడా లేదు. ఎటు చూసినా సముద్రం ఉన్న దేశంలో గోదావరి ఒడ్డువాణ్ని రెండేళ్లు నీళ్లలోకి దిగకుండా ఉంచారు.

అన్నిటికన్నా కష్టమైన నియమం మాత్రం వేరే ఉంది: ఒంటరిగా ఉండకూడదు. కంపానియన్ అని ఒకరిని జత చేస్తారు. అతను ఎప్పుడూ కంటికి కనిపిస్తూ, చెవికి వినిపిస్తూ ఉండాలి. స్నానాల గదికి తప్ప ఎక్కడికి వెళ్లినా ఇద్దరూ వెళ్లాలి. ఎవరితో జత, ఏ ఊళ్లో ఉండాలి అన్నది మిషన్ అధ్యక్షుడు చూస్తాడు. ఆరు వారాలకోసారి బదిలీల కబురు వస్తుంది. జత నిలవవచ్చు, మారవచ్చు. నా మొదటి కంపానియన్ సమర్ ద్వీపం అబ్బాయి. పొద్దున లేవగానే పాడతాడు, రాత్రి నిద్రలో మాట్లాడతాడు. నేను అన్నం కలుపుకొని తినడం చూసి మొదటిరోజు ముచ్చటపడ్డాడు, పదోరోజు విసుక్కున్నాడు. ఇలాంటివి పేరుకోకుండా వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరిలో మరొకరికి నచ్చినవీ నచ్చనివీ చెప్పుకోవాలి. మన ఇళ్లలో కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేస్తాం, లేదా రెండు రోజులు మాట్లాడం. నోరు తెరిచి 'నువ్వు ఇలా చేస్తే నాకు బాధగా ఉంది' అని చెప్పే అలవాటు నాకు లేదు. మొదటి కొన్ని వారాలు 'అంతా బాగానే ఉంది' అన్నాను. అతను నమ్మలేదు. చివరికి పొద్దున్నే పాడవద్దని చెప్పాను. అతను మర్నాటి నుంచి చాలా చిన్నగా పాడాడు. అది ఇంకా భరించలేకపోయాను. గట్టిగానే పాడమని మళ్లీ నేనే చెప్పుకోవలసి వచ్చింది.

తర్వాత అమెరికా నుంచి, టోంగా నుంచి వచ్చినవాళ్లు జతయ్యారు. ఒకడితో మాత్రం అసలు పొసగలేదు. తప్పు ఎవరిదన్నది పక్కన పెడితే, నచ్చని మనిషితో ఇరవైనాలుగు గంటలు ఉంటూ, సాయంత్రం పూట ఒకరి ఇంట్లో పక్కపక్కన కూర్చుని ప్రేమ గురించి పాఠం చెప్పడం నాకు తెలిసినంతలో కష్టమైన పని. పెళ్లికి ముందు అందరికీ ఈ శిక్షణ ఇస్తే బాగుంటుందని అక్కడి పెద్దలు సరదాగా అంటారు. నాకు అది సరదాగా అనిపించలేదు.

ఇక గేట్ల సంగతి. దావావ్ వైపు ఇంటి ముందు నిలబడి 'ఆయో' అని కేకేయాలి. లోపలి నుంచి కుక్క, ఆ వెనక పిల్లలు, ఆ వెనక పెద్దవాళ్లు వస్తారు. నా విషయంలో మూడో అంకం జరిగేది కాదు. ఫిలిప్పీన్స్‌లో భారతీయుడంటే వీధివాళ్లకు తెలిసిన రూపం ఒకటే: మోటార్ సైకిల్ మీద వచ్చి వడ్డీ డబ్బు వసూలు చేసుకునేవాడు. చాలావరకు పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. ఐదు వేలు అప్పిచ్చి ఆరు వేలు రాబడతారు, రోజువారీగా కొద్దికొద్దిగా. గొడుగులు, దోమతెరలు, ఫ్యాన్లు వాయిదాల మీద అమ్ముతారు. బ్యాంకు మొహం చూడని చిల్లర దుకాణాల ఆడవాళ్లకు ఆ అప్పే దిక్కు. అందుచేత నా రంగు గేటు దగ్గర కనపడగానే ఇంట్లో అలజడి. ఒక పిల్లవాడు వచ్చి 'అమ్మ లేదు' అంటాడు. వాడి వెనక కర్టెను కింద అమ్మ పాదాలు కనిపిస్తూనే ఉంటాయి. మా సమర్ అబ్బాయి నవ్వు ఆపుకోలేక రోడ్డు మీదికి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకు మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు అతను కేకేస్తాడు, నేను బ్యాడ్జీ ముందుకు పెట్టుకుని గేటుకు కొంచెం దూరంగా ఉంటాను, వాళ్లు బయటికి వచ్చాక నేను సెబువానోలో శుభోదయం చెబుతాను. అప్పు వసూలుకు రాలేదని తెలిసిన ఆ ఊరటలో చాలామంది కూర్చోమని కుర్చీ వేశారు. మతం మాట వినాలని కాదు, ఇంతసేపూ దాక్కున్నందుకు సిగ్గుపడి. అలా దొరికిన కుర్చీల్లోనే నా మంచి పాఠాలు చాలా జరిగాయి.

కూర్చుంటే తినమంటారు. ఆ దేశంలో ఎవరింట్లో పళ్లెం ముందు మనిషి ఉన్నా దారిన పోయేవాణ్ని పిలుస్తారు, ఆ పళ్లెంలో అన్నం, ఒక ఎండుచేప తప్ప ఏమీ లేకపోయినా. అతిథికి ఇచ్చేది పొట్లంలోని కాఫీ. మాకు కాఫీ, టీ, మద్యం, పొగాకు నిషేధం. వద్దంటే నొచ్చుకుంటారు, ఎందుకు వద్దో చెబితే ఉపన్యాసం అవుతుంది. మైలో (బోర్నవీటా లాంటిది) ఉందా అని అడగటం నేర్చుకున్నాను. ఘాటు వాసన వేసే దురియన్ పండుకు దావావ్ పెట్టింది పేరు, దాన్ని వద్దనడానికి మాత్రం మతం సాయపడదు. మొదటిసారి ఊపిరి బిగబట్టి తిన్నాను. రెండో ఏడాది నేనే కొనుక్కున్నాను.

సోమవారం మాకు సొంత పనుల రోజు. ఉదయం బట్టలు ఉతుక్కోవడం, గది ఊడవడం, బజారు, జుట్టు కత్తిరింపు, కాసేపు బాస్కెట్‌బాల్. సాయంత్రం 6 గంటలకు మళ్లీ టై కట్టాలి. ఇంటికి ఫోను కూడా ఆరోజే. 2019 ఫిబ్రవరి దాకా మిషనరీలు వారానికోసారి ఇ-మెయిల్ రాసుకోవడమే, ఫోను మాత్రం క్రిస్మస్‌కు, మాతృదినానికి, ఏడాదికి రెండుసార్లే. మా ముందుతరం వాళ్లు ఆ రోజుల గురించి యుద్ధానికి వెళ్లొచ్చినట్టు చెబుతారు. నాకైతే వారంవారం వీడియోలో మాట్లాడటం ఉపకారమూ చేసింది, అపకారమూ చేసింది. అమ్మ ముఖం చూసిన సోమవారం రాత్రి నిద్ర పట్టేది కాదు. మూడు నాలుగు వారాలు అమ్మ నన్ను ఏం తిన్నావని తప్ప వేరే ఏమీ అడగలేదు. తర్వాత తెలిసింది, నాన్నకు ఒంట్లో బాగాలేదని, నాకు చెప్పవద్దని అందరూ అనుకున్నారని. ఏడాదికి రెండు ఫోన్లే ఉంటే అంతమంది కలిసి అన్నిసార్లు నటించవలసిన అవసరం వాళ్లకు ఉండేది కాదు.

పక్కింటి ఆంటీ చెప్పినట్టే దావావ్ నగరంలో తెలుగు పిల్లలు చాలామంది కనిపించారు. ఫీజు మన ప్రైవేటు కాలేజీలకన్నా తక్కువ, పాఠాలు ఇంగ్లీషులో, వాతావరణం మనదే. ఒకసారి జీపునీలో, అంటే అక్కడి జీపులాంటి చిన్న బస్సులో కూర్చుని చార్జీ డబ్బు పక్కవాళ్ల చేతికి అందిస్తే, అది అలా చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్తుండగా, ఎదురుగా ఉన్న అబ్బాయి నా బ్యాడ్జీ చదివి 'అన్నా, తెలుగా?' అన్నాడు. గుంటూరు జిల్లా అబ్బాయి. వాళ్ల గదికి వెళితే నలుగురు కుర్రాళ్లు కుక్కర్ పెట్టుకుని పప్పు వండుతున్నారు. నా కంపానియన్ పక్కనే ఉన్నాడు కాబట్టి వెళ్లడం తప్పు కాదు. వాళ్లకు నేను మతం గురించి ఒక్క ముక్క చెప్పలేదు, చెప్పాలనిపించలేదు. పరాయి దేశంలో పప్పన్నం పెట్టిన చేతిలో పుస్తకం పెట్టడం నా వల్ల కాదు. ఆ సాయంత్రం లెక్కల్లో ఏమని రాయాలన్నది మా కంపానియన్‌కు పెద్ద సమస్య అయింది. వారం చివర ఎంతమందికి పాఠం చెప్పామో, ఎంతమంది ఆదివారం కూడికకు వచ్చారో అంకెలు పంపాలి. 'మిత్రులతో భోజనం' అనే గడి ఆ ఫోను యాప్‌లో లేదు.

ఈ రెండేళ్లలో నాకు ఎక్కువ పని చేయించిన సంగతి మాత్రం పెళ్లిళ్లు. ఇది వెళ్లేముందు ఎవరూ చెప్పలేదు. మా సంఘంలో బాప్తిస్మం పొందాలంటే కలిసి ఉంటున్న జంట చట్టప్రకారం పెళ్లి చేసుకుని ఉండాలి. మేము తిరిగిన పనాబో, కార్మెన్ వైపు అరటితోటల కూలీల్లో చాలా జంటలకు పెళ్లి కాలేదు. మన దగ్గరిలా ఎవరో ఒప్పుకోక కాదు. పెళ్లంటే విందు, విందంటే అప్పు. రేపు చేసుకుందాంలే అనుకుంటూ ముగ్గురు పిల్లలు పుట్టేస్తారు. అలాంటి ఒక జంట మాకు దగ్గరైంది. ఆయన పని తోటలో. అక్కడ గెల లేతగా ఉండగానే నీలం రంగు ప్లాస్టిక్ సంచి తొడుగుతారు, కోశాక తీగల మీద వేలాడదీసి వరసగా ప్యాకింగ్ షెడ్డుకు లాక్కెళ్తారు. సైకిల్‌కు అటూ ఇటూ గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్‌కు వచ్చే రైతుల గురించి నేను చెబితే, సైకిల్ మీద ఎన్ని గెలలు పడతాయన్న దాని మీద ఆయన నన్ను ఒక పూటంతా ప్రశ్నించాడు. మా పాఠం ఆరోజు సాగలేదు.

వాళ్ల పెళ్లికి అడ్డం కాగితాలే. అక్కడ పెళ్లి లైసెన్సు కావాలంటే ఇద్దరి జనన ధృవపత్రాలు, ఇంతకుముందు పెళ్లి కాలేదనే ధృవపత్రం, మునిసిపాలిటీ వాళ్ల కుటుంబ నియంత్రణ తరగతి, ఆపైన 10 రోజులు నోటీసు బోర్డు మీద పేర్లు. అయితే ఐదేళ్లకు పైబడి భార్యాభర్తల్లా కలిసి ఉన్న జంటకు, వేరే అభ్యంతరం లేకపోతే, లైసెన్సు అక్కరలేదని వాళ్ల కుటుంబ చట్టం 34వ అధికరణం చెబుతుంది. ప్రమాణపత్రం ఇస్తే చాలు. ఇది తెలిశాక పండగ చేసుకున్నాం. తీరా చూస్తే ఆమె జనన పత్రంలో పేరులో ఒక అక్షరం తేడా, పుట్టిన నెల తేడా. దాన్ని సరిచేయించడానికి పుట్టిన ఊరి రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లాలి. ఆ ఊరు ఒక రోజు ప్రయాణం, ఆ రోజు కూలి పోతుంది. మా ఊళ్లో మీసేవ చుట్టూ తిరిగిన అనుభవం నాకు ఇక్కడ అక్కరకొచ్చింది. ఏ కౌంటరులో ఎవరు సంతకం పెడతారో, మధ్యాహ్నం భోజనానికి ముందు వెళ్లాలా తర్వాతా అని ఆలోచించడంలో నేను నా అమెరికా కంపానియన్‌కు గురువునయ్యాను. అతను వరసలో నిలబడి ప్రార్థన చేసేవాడు. నేను గుమాస్తా ముఖం చూస్తూ ఉండేవాణ్ని.

చివరికి వాళ్ల పెళ్లి ఫిబ్రవరి 14న మేయరు జరిపించే సామూహిక వివాహాల్లో జరిగింది. మునిసిపాలిటీ వాళ్లు ఏటా చేయిస్తారు, ఖర్చు లేదు. పెద్దకూతురు అమ్మ వెనక నడిచింది, చిన్నవాడు నాన్న చొక్కా పట్టుకుని వేలాడాడు. తర్వాతి శనివారం బాప్తిస్మం.

అందరికీ అలా జరగదు. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప విడాకుల చట్టం లేదు. ప్రపంచంలో వాటికన్ తర్వాత ఇలాంటి దేశం అదొక్కటే. నేను అక్కడ ఉండగానే 2024 మేలో విడాకుల బిల్లు కింది సభ దాటింది, సెనేటులో ఆగింది. పెళ్లి చెల్లదని కోర్టులో నిరూపించుకునే మార్గం ఉంది గానీ, దానికి అయ్యే ఖర్చు కూలివాళ్లకు అందేది కాదు. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్లిపోతే మరో మంచి మనిషితో బతుకు కట్టుకున్న ఆమె ఒకరు ఆదివారం ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. పాటలన్నీ వచ్చు. మాకన్నా బాగా లేఖనాలు వచ్చు. ఆమెకు ఆయన్ను పెళ్లి చేసుకునే వీలు లేదు, ఆయనతో ఉంటూ బాప్తిస్మం పొందే వీలూ లేదు. మా అమ్మ వయసున్న మనిషికి ఈ సంగతి చెప్పవలసిన పని ఇరవై ఏళ్ల నామీద పడింది. చెప్పాను. ఆమెకు అప్పటికే తెలుసు, నాకన్నా ముందు వచ్చిన మిషనరీలు ఒక్కొక్కరూ చెప్పారు. నేను కష్టపడుతున్నానని ఆమే నాకు మంచినీళ్లిచ్చింది. నియమం ఎందుకుందో నాకు అర్థమవుతుంది. ఆమె విషయంలో మాత్రం ఆ అర్థం నాకు ఎప్పుడూ సరిపోలేదు, మిషన్ అధ్యక్షుడితో ముఖాముఖిలో అదే చెప్పాను. ఆయన వాదించలేదు. తనకూ తేలిక కాదన్నారు.

2023 డిసెంబరు 2 రాత్రి దీపాలు ఆర్పి పట్టుమని పది నిమిషాలు కాలేదు, మంచాలు కదిలాయి. సురిగావో దెల్ సూర్ తీరంలో 7.4 తీవ్రత భూకంపం. సునామీ హెచ్చరిక వచ్చింది. మేము తీరానికి కొంచెం లోపల ఉన్నాం. అయినా వీధిలోనే తెల్లవార్లూ ఇరుగుపొరుగుతో చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఎన్నాళ్లుగానో మమ్మల్ని చూసి గేటు వేసుకునే ఒక పెద్దాయన ఆ రాత్రి మాకు దుప్పటి ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎడతెగని వానలు. దావావ్ దెల్ నోర్తే పల్లపు ఊళ్లన్నీ మునిగాయి. అవతలి జిల్లాలో మాకో అనే పట్టణం దగ్గర బంగారు గని ఊరు మీద కొండచరియ విరిగిపడి దాదాపు వందమంది చనిపోయారు. నీళ్లు తీశాక మేము టైలు విప్పి, సంఘం పసుపు జాకెట్లు వేసుకుని పారలు పట్టాం. ఇళ్లలో మోకాలి లోతు బురద. పరుపు, బియ్యం బస్తా, పిల్లల పుస్తకాలు, పెళ్లి ఫోటో, అన్నీ ఒకే రంగు. గోదావరి వరద చూసినవాణ్ని కాబట్టి బురద ఎండకముందే ఎత్తాలని తెలుసు. మా పక్కన ఆ వీధి ఫాదర్ గారి కుర్రాళ్లు, ఇంకో సంఘంవాళ్లు కూడా పారలు పట్టారు. ఆ వారం రోజులూ ఎవరిది ఏ సంఘమని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. లెక్కల్లో ఆ వారం నా అంకెలు దాదాపు సున్నా. అంతకన్నా బాగా పనిచేసిన వారం నాకు వేరే గుర్తులేదు.

ఎంతమందిని మార్చావు అనేది మనవాళ్ల రెండో ప్రశ్న. అంకె చెప్పను. కొందరు బాప్తిస్మం పొందారు, అందులో కొందరు ఇప్పటికీ వస్తున్నారు, కొందరు రావడం లేదు. దగ్గర ఉండి చూసిన మాట చెబుతాను: గేటు దగ్గర మా మాటలు విని మారినవాళ్లు తక్కువ. స్నేహితుడో, మేనత్తో, పక్కింటివాళ్లో ముందే ఈ సంఘంలో ఉండి, తలుపు తీసి పెట్టిన ఇళ్లలోనే మాకు ఆదరణ దొరికింది. వీధుల్లో తిరిగి పలకరించడం మీద అంత సమయం పెట్టించడం నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. మరి ఏం చేయమంటావని మా జోన్ పెద్ద అడిగితే వేరే ఉపాయం నాదగ్గరా లేదు.

తిరిగి వచ్చాక శాఖలో పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడి, సేవ నుంచి విడుదల చేశామని చెప్పి బ్యాడ్జీ తీయించారు. ఆ రాత్రి ఒక్కణ్నే కోటిపల్లి బస్టాండు దాకా నడిచి, ఎవరూ పక్కన లేనందుకు తోచక, తమ్ముడికి ఫోను చేసి రమ్మన్నాను. అమ్మమ్మ నన్ను చూసి చిక్కిపోయావంది, నేను ఐదు కిలోలు పెరిగాను. డిగ్రీలో నాకన్నా రెండేళ్లు చిన్నవాళ్లతో కూర్చున్నాను. దావావ్‌లో మెడిసిన్ చదవడానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు అప్పుడప్పుడు ఫోను చేసి, అక్కడ వాన ఎప్పుడు, అద్దె ఎంత అని అడుగుతుంటారు. సెబువానో నాలుగు మాటలు కూడా నేర్పుతుంటాను.

మిషన్‌కు పేరు ఇచ్చిన మా శాఖ కుర్రాళ్లు అడిగితే చెప్పేది కొంచెమే. జ్ఞానదంతం తీయించుకోమని దంతవైద్యుడు అంటే వాయిదా వేయకండి. మా గదిలో ఒకడు వాయిదా వేసి అక్కడ బుగ్గ వాచి వారం రోజులు గంజి తాగాడు, అతనితో కంపానియన్ కూడా ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది. బూట్లు అందానికి కాక మడమకు సరిపోయేవి కొనండి. చొక్కాలు ఇస్త్రీ అక్కరలేని రకం. ఇంట్లో మీకు చిరాకు తెప్పించే తమ్ముడితో ఒక గదిలో పడుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఆవకాయ పెద్ద సీసాలో పట్టుకెళ్లండి గానీ అది మీ ఒక్కరికే మిగులుతుందని ఆశపడకండి. టోంగా కుర్రవాడు నా సీసాను రెండు వారాల్లో ఖాళీ చేశాడు, అడుగున మిగిలిన నూనెలో రొట్టె కూడా అద్దుకు తిన్నాడు.